ఆదివారం గుడ్లు

నేను చెబుతుంటే రాస్తున్నది మా జిల్లా అమ్మాయి, ఇక్కడ నిజ్వాలో ఆసుపత్రి నర్సు. నాకు సంతకం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను. అంతకు మించి అక్షరం రాదు. గొంతు కూడా సరైనది కాదు. చిన్నప్పటి నుంచీ కట్టెల పొగలో ఉన్నదాన్ని, నువ్వు మాట్లాడితే రంపం లాగినట్టుంటుందని మా ఆయన నవ్వేవాడు. ఆయన పోయాక ఈ గల్ఫు దేశం వచ్చాను. మొదట ఇబ్రిలో ఒక అరబ్బుల ఇంట్లో పిల్లల్ని పెంచాను. ఆ పిల్లలు నాకంటే ఎత్తు ఎదిగాక, ఆ ఇంటి పెద్దావిడే మాట్లాడి నన్ను నిజ్వాలో ఒక అమెరికా టీచరమ్మ దగ్గరికి మార్పించింది. ఇప్పుడు చెప్పేది ఆ టీచరమ్మ సంగతి, నా సంగతి, నేను ఎప్పటికీ చూడబోని ఒక కాలేజీ సంగతి.

పాతది కాదు, ఈ చలికాలం మొదట్లో జరిగిందే. చెప్పబోతే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది. ఆ రోజు ఈ రాసే అమ్మాయి కూడా అక్కడే ఉంది కాబట్టి, నేను సర్దుకుని చెప్పబోతే ఊరుకోదు.

టీచరమ్మ నాకంటే చాలా పెద్దది. మనిషి పొడుగు, జుట్టంతా తెలుపు, నడుం మాత్రం వంగలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఇక్కడి కాలేజీలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. ఆమె చదువుకున్న కాలేజీ వేరు. అది అమెరికాలో ఒక చర్చి వాళ్ళు కట్టుకున్న చిన్న కాలేజీ. దానికి మొట్టమొదటి మాస్టరు ఈమె ముత్తాత. ఆ కాలేజీకి ఏదో పెద్ద పండగ వస్తోందని, మొదటి రోజుల చరిత్ర రాసిపెట్టమని వాళ్ళు ఈమెనే అడిగారు.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, వంటింటి బల్ల దగ్గర కంప్యూటరు తెరుచుకుని రాసుకునేది. రాసింది నాకు చదివి వినిపించేది. నీకు అర్థమైతే ఎవరికైనా అర్థమైనట్టే, అనేది. నాకు వంటింటి ఇంగ్లీషు వచ్చు. ఆమెకు కొట్ల దగ్గర నేర్చుకున్న హిందీ వచ్చు. ఇద్దరికీ కాస్త కాస్త అరబ్బీ వచ్చు. అన్ని భాషల ముక్కలూ కలిపి, చేతులు తిప్పి, ఆమె చెప్పేది. నేను పప్పులో రాళ్ళు ఏరుతూనో, ఉల్లిపాయలు తరుగుతూనో వినేదాన్ని. నాకు రోజంతటిలో ఇష్టమైన వేళ అదే. మా ఆయన పోయాక ఎదురుగా కూర్చుని నాకు ఒక కథ చెప్పిన మనిషి మళ్ళీ ఆమే.

ఆ కాలేజీ పుట్టిన చోట కొండ అన్నది కనపడదట. గాలి, గడ్డి, అంతే. అక్కడ దిగిన కుటుంబాలు కూడా ఓడెక్కి వలస వచ్చినవే, ఇంగ్లీషు రానివే. ముందు మట్టిళ్ళు వేసుకున్నారు, తర్వాత చర్చి కట్టుకున్నారు. చర్చి కట్టాక పాదిరి కావాలి కదా. పాత దేశం నుంచి ఒకాయన్ని పిలిపించుకుంటే ఆ చలికి తాళలేక చెప్పకుండా వెళ్ళిపోయాడట. అప్పుడు వాళ్ళు, మన పాదిర్లను మనమే తయారు చేసుకుందాం అనుకున్నారు. అలా మొదలైంది కాలేజీ.

మొదటి పాఠాలు చర్చి లోపలే. వచ్చే ప్రతి పిల్లవాడూ చంకలో ఒక కట్టె పెట్టుకుని రావాలి, పొయ్యిలోకి. కట్టె తేనివాడు పొయ్యికి దూరంగా కూర్చోవాలి. టీచరమ్మ ముత్తాత ఒక్కడే మాస్టరు. గంట కొట్టేదీ ఆయనే, ఆవు పాలు పితికేదీ ఆయనే. మగపిల్లలు చాలక ఆడపిల్లల్ని కూడా చేర్చుకున్నారట. ఆ ముక్క చదివి టీచరమ్మ కళ్ళజోడు మీదుగా నన్ను చూసింది.

"పెద్ద మనసుతో కాదు. బెంచీలు ఖాళీగా ఉన్నాయని."

చర్చిలో పియానో పెట్టడం పాపమా కాదా అని సంఘం రెండుగా చీలి, ఒక చలికాలమంతా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదట. నేను పడీ పడీ నవ్వాను. మా ఊళ్ళో డోలక్కు తీసేసి కీబోర్డు పెట్టినప్పుడు అచ్చం ఇదే జరిగింది. మా పెదనాన్న ఆ ఏడు క్రిస్మస్ కేకు కూడా ముట్టలేదు.

తెల్లవాళ్ళు కూడా ఆకలితో పడుకున్నారని, వాళ్ళ పిల్లలకు కూడా బూట్లు లేవని నేను అప్పటిదాకా ఎరగను. వినేకొద్దీ వాళ్ళు నా వాళ్ళే అనిపించేవారు. అదే నన్ను ముంచింది.

ఒకరోజు గుడ్ల సంగతి చదివింది. పంటలు పోయాయి, మాస్టరుకు జీతం లేదు, కాలేజీ మూసేద్దామని పెద్దలు మాట్లాడుకుంటున్నారు. ఆడవాళ్ళకు ఏదైనా ఇవ్వాలని ఉంది, కానీ చేతిలో ఏముంటుంది? గోధుమలు మగవాళ్ళవి, పశువులు మగవాళ్ళవి. కోళ్ళు ఒక్కటే ఆడవాళ్ళవి. అందుకని వాళ్ళలో వాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆదివారం నాడు కోడి పెట్టిన గుడ్డు ఇంట్లో వండకూడదు, అది కాలేజీది. బుట్టల్లో గడ్డి పరిచి, ఆ గుడ్లు పెట్టుకుని, మంచు మీద నడిచి తెచ్చి ఇచ్చేవారట. కొన్ని పిల్లల భోజనంలోకి, మిగిలినవి అమ్మి దీపాల నూనెకి.

నా చేతిలో చాట ఆగిపోయింది.

నేనెందుకు ఆగానో చెప్పాలంటే బోర్డింగు సంగతి చెప్పాలి. మా నాన్న పోయాక మా అమ్మ నన్ను గుడివాడ దగ్గర మిషన్ బోర్డింగులో వేసింది. మూడేళ్ళున్నాను. డబ్బు కట్టలేని పిల్లల్ని వంటమ్మకు సాయంగా ఉంచేవారు. బళ్ళో గంట కొట్టే వేళకు నేను గంగాళం తోముతూ ఉండేదాన్ని. నాకది కష్టమనిపించలేదు, కడుపు నిండేది. వారానికి ఒకసారి గుడ్డు పెట్టేవారు, సగం గుడ్డు. ఉడకబెట్టి, కుట్టు దారంతో మధ్యకు కోసి, ఇద్దరికి ఒకటి. సగమేనా అని ఎవరైనా మూతి ముడిస్తే మేట్రనమ్మకు కోపం వచ్చేది.

"అక్కడ అమెరికాలో ముసలమ్మలు తమ గుడ్డు తాము తినకుండా మీకు పంపుతున్నారే. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి తినండి."

గుడ్లు ఓడలో వస్తాయనే నేను నమ్మాను. పగలకుండా ఎలా వస్తాయని వంటమ్మను అడిగితే, నవ్వకుండా, "ఊకలో పెట్టి" అంది.

అందుకని, ఆదివారం గుడ్లని టీచరమ్మ చదవగానే నాకు ఒళ్ళు జలదరించింది. బోర్డింగు గోడ మీద గడ్డం దొర ఫోటో ఒకటి ఉండేది. టీచరమ్మ తన ముత్తాత ఫోటో చూపించింది. ఆయనకూ గడ్డం ఉంది. ఇంకేం కావాలి నాకు?

ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే అక్కడే తేలిపోయేది. అడగాలని తోచలేదు. మాకు అమెరికా దొరలంటే ఒకటే ఇల్లు, ఒకటే చర్చి. మా ఊళ్ళోనే మూడు సంఘాలున్నాయి, ఒకరి మైకు మీద ఒకరు మైకు పెడతారు. అయినా అమెరికాలో కూడా ఎవరి చర్చి వాళ్ళకు ఉంటుందని, ఒకరి సంగతి ఒకరికి పట్టదని నా బుర్రకు తట్టలేదు.

నెలకోసారి మా నిజ్వా వాళ్ళం వ్యాను మాట్లాడుకుని మస్కట్ వెళతాం. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి, ఆ రోజు అక్కడ చర్చి కాంపౌండులో అన్ని భాషలవాళ్ళకూ వంతులుంటాయి. మలయాళం వాళ్ళు లేచాక మాకు హాలు ఇస్తారు. మా ఆరాధన ముగిసేసరికి ఫిలిప్పీన్స్ వాళ్ళు గిటార్లు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటారు. మాలో నర్సులున్నారు, డ్రైవర్లున్నారు, సైట్లలో పనిచేసేవాళ్ళున్నారు, ఇళ్ళల్లో పనిచేసే నాబోటివాళ్ళున్నారు. దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే సమయంలో నేను ఎప్పుడూ లేవను. ఆ శుక్రవారం లేచాను.

బోర్డింగు చెప్పాను, దారం చెప్పాను, ఆదివారం గుడ్లు చెప్పాను. చిన్నప్పుడు నేను ఎవరి గుడ్డు తిన్నానో ఆ తల్లి మునిమనవరాలికే ఇప్పుడు వండి పెడుతున్నానని, దేవుడు నన్ను ఇంత దూరం తెచ్చింది అందుకేనని చెప్పాను. నా రంపం గొంతు ఆ రోజు ఎవరికీ రంపంలా వినపడలేదు. హాలంతా స్తోత్రం అంది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నన్ను చూసి నలుగురు కళ్ళు తుడుచుకోవడం మా ఆయన పోయినప్పుడు జరిగింది, మళ్ళీ ఇదే. ఈసారి నాకది బాగుంది.

ఆరాధన అయ్యాక టీ దగ్గర మా సంఘపెద్ద నన్ను పట్టుకున్నాడు. ఆయన ఒక కంపెనీలో స్టోరుకీపరు, మంచివాడే. ఆవిణ్ణి మనం సన్మానించుకోకపోతే తప్పవుతుందన్నాడు. ఆమెకు అలాంటివి ఇష్టముండవేమో అన్నాను. శాలువా కప్పితే వద్దనే మనిషిని నేనింతవరకు చూడలేదన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అక్కా, మా చిన్నది ఇంటర్ అయిపోతోంది. వాళ్ళ కాలేజీలోనే ఒక సీటు. నువ్వు ఒక మాట చెవిన వెయ్యి, చాలు."

"నాకెందుకు బాబూ, ఆవిడ వస్తుందిగా. మీరే అడుక్కోండి" అన్నాను.

ఈ మాట రాయొద్దని రాసే అమ్మాయితో అన్నాను. "అది లేకపోతే తర్వాతది ఎవరికీ అర్థం కాదు పిన్నీ" అని రాసేసింది.

టీచరమ్మతో మాత్రం నేను సన్మానం ఊసు ఎత్తలేదు. మా చర్చి చూస్తారా మేడమ్ అని అడిగాను, అంతే. ఆమె మొహం వెలిగిపోయింది. నువ్వు నన్ను ఒక చోటికి పిలవడం ఇదే మొదలు కదా అంది. వట్టి చేతులతో వెళ్ళకూడదని, వాళ్ళ అమ్మమ్మ చేసే కేకు తనే చేసింది. వంటింట్లోకి నన్ను రానివ్వలేదు. మైదా పిండి అంటిన చేతులతో పాట పాడుకుంటూ చేసింది.

ఆమె కారులోనే వెళ్ళాం. నేను పక్కన, ఒళ్ళో కేకు డబ్బా. వెనక సీట్లో ఈ నర్సమ్మాయి. కాంపౌండు గేటు దగ్గరికి వచ్చేసరికి మా వాళ్ళు రెండు వరసలు కట్టి నిలబడ్డారు. పిల్లల చేతుల్లో పూలు. హాలు తలుపు పైన చిన్న ఫ్లెక్సీ. దాని మీదికి ఫోటో కావాలని అడిగితే నా ఫోన్లో ఉన్నదే పంపాను. వంటింట్లో ఏప్రాన్ కట్టుకుని గరిటె పట్టుకున్న టీచరమ్మ. గరిటె వరకు కత్తిరించారు, పిడి మిగిలిపోయింది. ఫోటో కింద, మా మిషన్ తల్లికి స్వాగతం అని రాయించారట.

ఆమె తన బొమ్మను చూసుకుని నవ్వి, ఏం రాశారని అడిగింది. నర్సమ్మాయి నా మొహం చూసి, వెల్‌కమ్ అని రాశారంది.

లోపల కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు, శాలువా కప్పారు. జరీ అంచు ఉన్న మెరూన్ రంగు శాలువా. పిల్లలు ఇంగ్లీషు పాట పాడారు. అప్పటిదాకా ఆమె సంతోషంగానే ఉంది, కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఇలాగే చేస్తారనుకుంది. సంఘపెద్ద మైకు తీసుకున్నాడు. వీరి పెద్దలు సముద్రాలు దాటి వచ్చి మనకు బడి పెట్టారు, ఆసుపత్రి పెట్టారు, తమ నోటి దగ్గర గుడ్డు తీసి మన నోట్లో పెట్టారు అన్నాడు. నర్సమ్మాయి ఆమె చెవిలో సగం చెప్పింది, సగం మింగింది. ఆ సగానికే టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

అప్పుడు వెనక నుంచి ఒక ముసలి తాపీ మేస్త్రి లేచి వచ్చాడు. కుంటుతూ నడుస్తాడు. చిన్నప్పుడు గేదె తొక్కి విరిగిన కాలును మిషన్ ఆసుపత్రిలో నిలబెట్టారట. ఆ కాలు వంచి, ఆమె బూట్లు రెండు చేతులతో ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగింది. కుర్చీ కాళ్ళు నేల మీద గీరిన చప్పుడు ఇప్పటికీ నా పళ్ళకు తగులుతుంది.

మేస్త్రిని లేపి పక్కకు కూర్చోబెట్టి, సంఘపెద్ద విన్నపాలు మొదలుపెట్టాడు. మా అమ్మాయికి మీ కాలేజీలో సీటు. ఆయన అడగగానే ఇంకొకాయన తమ ఊరి చర్చికి పైకప్పు అన్నాడు. ఇంకొకరు గంట అన్నారు. మైకు ఆమె చేతికిచ్చారు.

ఆమె లేచి నిలబడింది. శాలువా జారితే పట్టుకుంది. నెమ్మదిగా, నాకు చదివి వినిపించేటప్పుడు మాట్లాడినంత నెమ్మదిగా మాట్లాడింది. నర్సమ్మాయి తెలుగులో చెప్పింది. ఈసారి సగం మింగే దారి లేదు.

"నన్ను క్షమించండి. మీరు కృతజ్ఞత చెప్పాల్సినవాళ్ళు ఎవరో నాకు తెలియదు. నేను మాత్రం కాదు. మా చర్చి చాలా చిన్నది, పేదది. మా వాళ్ళెవరూ మీ దేశం రాలేదు. ఆ గుడ్లు మా ఊరు దాటి ఎక్కడికీ పోలేదు. సీటు ఇప్పించే మనిషిని కూడా కాదు నేను. ఇలా పిలిచారని తెలిసి ఉంటే ముందే చెప్పేదాన్ని."

అప్పుడు ఆడవాళ్ళ వైపు వెనక వరసలో ఎవరో గుసగుసగా, "గుడ్డు అమెరికాది కాదంట, గుడివాడదంట" అన్నారు. కిసుక్కున నవ్వు. ఫిలిప్పీన్స్ వాళ్ళు తలుపు తీసి తొంగిచూశారు. నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. కేకు ముక్కలు కోసి పంచాల్సింది నేనే. ఒక్కొక్కరికీ కాగితం మీద పెట్టి ఇస్తుంటే ఒక్కరూ నా కళ్ళలోకి చూడలేదు. సంఘపెద్ద తీసుకోకుండానే బయటికి వెళ్ళాడు.

తిరుగు ప్రయాణంలో టీచరమ్మ శాలువా మడిచి వెనక సీట్లో పెట్టింది. దారి పొడుగునా ఆ రాతి కొండలే. సగం దూరం వచ్చాక, దారి మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"సీటు అడుగుతారని నీకు ముందే తెలుసా?"

"తెలుసు" అన్నాను.

ఆమె సరే అంది. అంతే. అరిచి ఉంటే బాగుండేది. ఇబ్రిలో పెద్దావిడ అరిచేది, అరిచి గంటలో ఖర్జూరాలు చేతిలో పెట్టేది. ఈమె అరవలేదు, కారు నడిపింది.

మర్నాటి నుంచి ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చోలేదు. కంప్యూటరు గదిలోకి తీసుకుపోయింది, తలుపు వేసుకుంది. భోజనానికి థాంక్స్ అనేది, గిన్నె తనే కడిగి పెట్టేది. నన్ను తీసేస్తానని అనలేదు, జీతం ఆపలేదు. అయినా నేను ఆ ఇంట్లో దొంగలా తిరిగాను. పనిమనిషి తన చేత కథలు చెప్పించుకుని, సంఘానికి తీసుకుపోయి, సీటు కోసం బేరం పెట్టిందని ఆమె అనుకుంటోంది. అలా అనుకుంటే తప్పేముంది? తెలుసని నా నోటితో నేనే అన్నాను కదా. కానీ అది నిజంలో సగమే. మిగతా సగం చెప్పడానికి నాకు ఏ భాషా చాలడం లేదు. పైగా కథ కూడా చెడ్డచోట ఆగిపోయింది. చెక్కతో కట్టుకున్న మొదటి బిల్డింగు చలికాలంలో కాలి బూడిదైందని చదివింది చివరిసారి. ఆ పిల్లలు ఎక్కడ తలదాచుకున్నారో నాకు తెలియదు. సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ వాళ్ళ గురించే అనుకునేదాన్ని. అడగడానికి మొహం చెల్లేది కాదు.

ఈ నర్సమ్మాయి డ్యూటీ దిగి ఒకరోజు వచ్చింది. నేను తర్జుమా చేస్తాను, వచ్చి చెప్పనా అంది. వద్దన్నాను. ఒకసారి నీ నోటితో చెప్పించి చూశాం కదమ్మా, ఈసారి నా ఏడుపు నేనే ఏడుస్తాను అన్నాను.

నర్సమ్మాయి వెళ్ళాక ఒక గుడ్డు ఉడకబెట్టాను. పొట్టు తీసి, కుట్టు దారం చుట్టి లాగాను. రెండు సగాలు పళ్ళెంలో పెట్టుకుని టీచరమ్మ గది తలుపు కొట్టాను. ఇదేమిటని చూసింది. ఒక సగం ఆమె వైపు జరిపాను, ఒకటి నా వైపు. నాకు వచ్చిన ముక్కలన్నీ కలిపి చెప్పాను. ఇది నాది, అది నా పక్క పిల్లది. బోర్డింగులో మేట్రన్ చెప్పింది, అమెరికా అమ్మమ్మ తినకుండా పంపిందని. మీరు గుడ్ల కథ చదివారు. ఆ అమ్మమ్మ దొరికిందనుకున్నాను. సీటు అడుగుతారని తెలుసు, చెప్పలేదు, అది తప్పే.

"సీటు కోసం మిమ్మల్ని పిలవలేదు మేడమ్. ఈ గుడ్డు కోసం పిలిచాను."

ఆమె ఆ గుడ్డును చూసింది. దారంతో కోస్తే పచ్చసొన ఎంత నున్నగా తెగుతుందో తెలుసు కదా. తర్వాత అడిగింది, ఆ బోర్డింగులో నువ్వు ఎంతవరకు చదివావని.

"వంటింట్లో ఉన్నాను మేడమ్" అన్నాను.

ఆమె లేచింది. కంప్యూటరు ఒక చేత్తో, గుడ్డు పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని వంటింట్లోకి నడిచింది. బల్ల దగ్గర పాత చోటులో కూర్చుంది. నీకొకటి చదవలేదు, కావాలనే చదవలేదు అంది.

కాలిపోయాక పిల్లల్ని రైతుల ఇళ్ళల్లో తలా ఒకరిని ఉంచుకున్నారట. వేసవి వచ్చాక ఇటుకలు కాల్చి కొత్త బిల్డింగు కట్టారు. అందులో వంటిల్లు పెట్టారు. ఫీజు కట్టలేని ఇళ్ళ నుంచి ముగ్గురు ఆడపిల్లల్ని తెచ్చి ఆ వంటింట్లో పెట్టారు. పని చేస్తూ చదువుకుంటారని వాళ్ళ అమ్మానాన్నలకు చెప్పారు. ఆ పిల్లలు రొట్టెలు కాల్చారు, మగపిల్లల బట్టలు ఉతికారు, ఆదివారం గుడ్లు వండారు. ఒక్క పాఠం కూడా వినలేదు. వాళ్ళలో ఒకామె మనవరాలు ఈ సంగతి టీచరమ్మకు చెప్పింది. కానీ కాలేజీ వాళ్ళు మాత్రం, మా కాలేజీ మొదటి నుంచీ ఆడపిల్లల్ని చదివించిందని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆ ముగ్గురిని కూడా కలిపి చెప్పుకుంటారట. పండగకు వేసే పుస్తకంలో ఇదెందుకు, వదిలేయమని కాలేజీ వాళ్ళు అడిగారట. ఆ ముగ్గురిని అక్కడ పెట్టింది తన ముత్తాతే కాబట్టి వదిలేయాలని తనకూ అనిపించిందట. ఈ మాట చెప్పేటప్పుడు ఆమె మెడ దగ్గర్నుంచి చెవుల దాకా ఎర్రబడింది.

ఆమెను ఊరడించాలనిపించింది. "అన్నం పెట్టారుగా మేడమ్" అన్నాను.

"పెట్టారు" అంది.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే సిగ్గేసింది. నేను ఎవరి తరఫున మాట్లాడుతున్నాను? గోడకు అవతల పిల్లలు అక్షరాలు పాడుతుంటే ఇవతల కూర్చుని గంగాళం తోమినదాన్ని నేను. ఆ పాట ఇప్పటికీ వచ్చు నాకు, ఏ అక్షరం ఏదో మాత్రం తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని నష్టమనుకోలేదు. పైగా హాల్లో మైకు పట్టుకుని సగం గుడ్డుకు సాక్ష్యం చెప్పాను. ఎక్కడో అమెరికాలో, ఎప్పుడో చచ్చిపోయిన ముగ్గురు పిల్లల కోసం ఒక తెల్లావిడ సిగ్గుపడుతుంటే అప్పుడు తెలిసింది నాకు, నేను కూడా దేనికో సిగ్గుపడాలని. వంటింట్లో ఉన్నందుకు కాదు. ఉండి, ఏమీ అనిపించనందుకు. ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.

ఇది పుస్తకంలో ఉంచనా తీసేయనా అని ఆమె నన్నడిగింది.

"నన్నడగొద్దు మేడమ్. నేను సాక్ష్యం చెబితే ఏమవుతుందో చూశారుగా" అన్నాను.

ఆమె నవ్వింది. మస్కట్ నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. పళ్ళెంలో తన వైపు సగం తీసి నోట్లో వేసుకుంది. నా సగం నేను తిన్నాను. తర్వాత ఆమె ఆ ముగ్గురు పిల్లల సంగతి ఉంచేసి, అంతవరకు రాసింది కాలేజీకి పంపింది. వాళ్ళింకా ఏమీ అనలేదు. వేస్తారో వేయరో.

శాలువా తిరిగి ఇచ్చేయమని నాకిచ్చింది. తనది కానిది తన దగ్గర ఉండకూడదంది. నెలాఖరు వ్యానులో దాన్ని సంచి అడుగున పెట్టి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఎవరికీ కనపడకుండా. వ్యానులో పాటలు పాడుతున్నారు, నేను పెదాలు కదిపాను. ఆరాధన అయ్యాక సంఘపెద్ద దగ్గరికి వెళ్ళి సంచి తెరిచాను. ఆయన చెయ్యి చాపలేదు.

"కప్పిన శాలువా వెనక్కి లాక్కునే సంఘం కాదక్కా మనది. చలికి కప్పుకోమను." కాస్త ఆగి, "ఆ సీటు మాటకు ఆవిడ ఏమైనా అనుకుందా?" అన్నాడు.

"అనుకుంది" అన్నాను.

ఆయన తల ఊపాడు. టీ గ్లాసు నా చేతికిచ్చి, తను ఇంకొకటి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. దూరం నుంచి తాపీ మేస్త్రి కుంటుకుంటూ వస్తుంటే నాకు పారిపోవాలనిపించింది. ఆయన చేత నేనే కదా ఆ బూట్లు ముట్టించింది.

"ఆవిడ కాదన్నమాట" అన్నాడు.

"కాదు తాతా. నా వల్లే."

"పోనీలే. ఆ బూట్లకు మట్టి లేదు, నా చేతులకే ఉంది. ఏమనుకుందో ఏమో" అని వెళ్ళిపోయాడు.

ఆయన కోప్పడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. సాక్ష్యాలప్పుడు ఇప్పుడు నేను స్తంభం వెనక కూర్చుంటాను. గుడివాడ గుడ్డు అని ఎవరో ఒకరు ఇప్పటికీ అంటారు. నవ్వుతాను, ఏం చేయను.

శాలువా నాతోపాటే నిజ్వా తిరిగి వచ్చింది. తీసుకోలేదని చెబితే టీచరమ్మ దాన్ని కుర్చీ వీపు మీద వేసింది. చలి ముదిరాక, ఏమనుకుందో, ఒక సాయంత్రం భుజాల చుట్టూ కప్పుకుని చదవడానికి కూర్చుంది. ఇప్పుడు ఇటుకల బిల్డింగు మీదికి గంట ఎక్కించే చోట ఉంది కథ. నేను వింటాను. ఇదివరకు మా వాళ్ళు అనుకుంటూ వినేదాన్ని. ఇప్పుడు ఎవరి వాళ్ళను వాళ్ళకే వదిలేసి వింటాను. ఆమె పేజీ జరపడానికి చెయ్యి కదిపినప్పుడల్లా దీపం కింద ఆ జరీ అంచు మెరుస్తుంది. మెరిసినప్పుడల్లా నా తల వంగిపోతుంది. వంచిన తల ఎత్తకుండానే, ఉల్లిపాయలు తరుగుతూ, తర్వాత ఏమైంది మేడమ్ అని అడుగుతాను.